పదకొండో బెజ్జం

మద్దిలేటికి ఇంక రెండున్నర గంటలే మిగిలినయి.

నాలుగింటికి జట్కా వచ్చి సున్నపుగుట్ట ఠాణా ముందర నిలబడ్తది. బేడీలేసి అందుల కూసోబెడ్తరు. ఐదింటికి గద్వాల టేషన్ల బండెక్కిస్తరు. అక్కడినుంచి జైలే. మిషను బడి యోహాను మాస్టరు తల పగలగొట్టింది మద్దిలేటే అని ఠాణా పెద్ద అమీను వెంకట్రాములు కాగితం రాసి, మొహరు గూడ గుద్దిండు. మాస్టరేమో శనివారం నుంచి దవాఖానల కన్ను తెరవలేదు. ఇయ్యాల సోమవారం. ఆయన పోయిండంటే ఇది ఖూనీ కేసు అయితది, ఉరితాడు మద్దిలేటి మెడకు పడ్తది.

ఇవన్ని తెలిసి గూడ డిటెక్టివ్ కురుమూర్తి ఠాణా అరుగు మీద కూసొని నింపాదిగ పల్లీలు ఒలుచుకుంట తిన్నడు. పదేండ్లు హైదరాబాదుల పోలీసు కొలువు చేసి, పైవాళ్ళతోని పొసగక బిల్లా బల్ల మీద పడేసి వనపర్తికొచ్చిన మనిషి ఆయన. ఉర్దూ వస్తది, తెలుగు వస్తది, కన్నడం సగం అర్థమైతది. ఇంగ్లీషు మాత్రం ఒక్క ముక్క రాదు. ఆ సంగతి ఎవరూ అడగకముందే తానే చెప్తడు, దాపరికం లేదు. ఇప్పుడేమో ఇంగ్లీషు మాటల కోసం మనిషిని కొట్టినోన్ని పట్టాలె. అయినా ఆయన మొహంల బెంగన్నది లేదు. పొట్టు దులుపుకొని లోపలికి పోయిండు.

మద్దిలేటి కటకటాల వెనక గోడకు ఆనుకొని కూసున్నడు. నలభై ఏండ్ల నేతగాడు. గద్వాల చీరల అంచు నేసుట్ల ఆయన చెయ్యి పడ్డదంటే షావుకార్లు బేరమాడకుండ కొంటరు.

"మద్దిలేటీ, నీకు ఇంగ్లీషొస్తదా?"

"రాదన్నా. ఒక్క అచ్చరం గూడ గుర్తుపట్ట."

"మరి ఇంగ్లీషు మాటల పెట్టె నువ్వు చేసినవంటున్రు."

"మాటలు సారువి. పెట్టె నాది."

"నాకు గూడ రాదు. మగ్గపోడు మగ్గపోనికి చెప్పినట్లు చెప్పు. జర తొందరగ."

మద్దిలేటి చెప్పిండు. ఇంగ్లీషు వారపత్రిక ఒకటి టపాల వస్తది. వారం వారం అందుల పందెం ఉంటది. ఇన్ని అచ్చరాలు ఇస్తరు, అవన్నీ ఉన్న మాట పట్టాలె. అన్ని మాటలు తప్పు లేకుండ పట్టినోనికి పదివేలు, అదీ ఇంగ్రేజి సర్కారు కల్దారు రూపాయలు. యోహాను మాస్టరు పదకొండేండ్ల నుంచి మాటలు ఏరి దాస్తున్నడు. నాలుగు వేలు దాటినయి. కాని కావల్సినప్పుడు కావల్సిన మాట చేతికి దొరుకదు, కాగితాలు తిరగేసుట్లనే వారం అయిపోతది. ఒకనాడు బడి పిల్లలకు మగ్గం చూపియ్యనీకి మద్దిలేటి ఇంటికి తోల్కపోయిండు మాస్టరు. అక్కడ నేత చూసి, ఇట్లనే నా మాటలు గూడ లేపొచ్చునా అని అడిగిండట.

"ఒక్కో మాటకు ఒక్కో అట్టముక్క అన్నా. యుద్ధమొచ్చి కాగితం పిరమైంది గద, పాత చీరల డబ్బాలు కోసినం. అట్ట పైఅంచుకు ఇరవైయారు బెజ్జాలు. ఒక్కో అచ్చరానికి ఒక్కో బెజ్జం. మాటల ఆ అచ్చరం ఉన్నదనుకో, ఆ బెజ్జాన్ని అంచు దాంక కోసేస్తం. నోరు తెరుచుకుంటది. అట్టలను కట్టలు కట్టలుగ పట్టుకొని, కావల్సిన బెజ్జంల ఇత్తడి సువ్వ దూర్చి లేపాలె. నోరు తెరిచినయి కిందికి రాల్తయి. తెరవనియి సువ్వకు వేలాడ్తయి. రాలినయాటిని మళ్ళ ఇంకో బెజ్జంల లేపుడు. మూడుసార్లు లేపితే మూడచ్చరాలున్న మాటలే మిగులుతయి."

"అంచు నేసేటప్పుడు పోగులు లేపినట్లే."

"గంతే అన్నా."

కురుమూర్తి తలూపిండు. మనసుల మాత్రం ఈ మనిషికి దండం పెట్టిండు. అచ్చరం ముక్క రానోడు నాలుగు వేల ఇంగ్లీషు మాటలను మూడు నిమిషాలల్ల ఏరే మగ్గం కట్టిండు మరి.

"బెజ్జాలు ఏ వరుసల ఉన్నయి?"

మద్దిలేటి తలుపు దిక్కు చూసి గొంతు తగ్గించిండు. "బడిల చెప్పే వరుసల పెడ్దామన్నడు సారు. నేను వద్దన్న. మగ్గం కాడ ఎక్కువ తొక్కే చెక్క కుడికాలు కిందనే ఉండాలె, ఎప్పుడో తొక్కేది దూరం ఉండాలె. లేకుంటే పొద్దుమీకె వరకు నడుం పోతది. ఇదీ అంతే. ఎక్కువ మాటలల్ల వచ్చే అచ్చరం చేతికి దగ్గర, తక్కువొచ్చేది ఆ కొసకు. ఎవడన్న పెట్టె ఎత్తుకపోయినా వానికి అక్కరకు రాదని సారు మస్తు నవ్విండు."

"ఏ బెజ్జం ఏ అచ్చరమో గుర్తెట్ల?"

"జానెడు పట్టె నేసిన. ఎర్రటి పట్టె, మీద ఇరవైయారు గీతలు. గీత పక్కన సారు అచ్చరం రాసుకున్నడు. గదిల మేకుకు వేలాడ్తది."

"ఈ సంగతి ఎవరెవరికి ఎరుక?"

"సారుకు, నాకు. సత్తెమ్మకు గూడ చెప్పలే. సారు ఒట్టు పెట్టించుకున్నడు."

"అమీను అడిగిండా?"

"అడుగలే. ఎందుకు కొట్టినవని ఒక్కటే అడిగిండు. నేను పోయేటాళ్ళకే సారు నేల మీద ఉన్నడన్నా. తల కింద నా తువ్వాల పెట్టిన. ఆ నెత్తురు చూసి నన్నే పట్టిన్రు." మద్దిలేటి కండ్లు తుడుచుకున్నడు.

"శనివారం మీరు తీయాల్సిన బెజ్జాలు ఏవి? గుర్తున్నదా?"

"ఎందుకు లేదు. సారు ముందురోజే చెప్పి పంపిండు. పదమూడు, ఇరవైయొకటి, ఇరవైనాలుగు."

కురుమూర్తి ఆ మూడు అంకెలు చిన్న నోటుబుక్కుల రాసుకున్నడు. "పట్టె సంగతి నేను అడిగెదాంక నోరు తెరవకు. నువ్వు జైలుకు పోవు. పో అని ఎవరన్న అంటే నవ్వు."

"నవ్వు రాదన్నా."

"అయితే ఊకోని కూసో."

*

రెండు గంటలకు కురుమూర్తి బడి కాడికి చేరిండు. ఠాణా నుంచి బడికి మైలు దూరం. కావాల్నని నడిచిండు, జేబు గడియారం చేతిల పట్టుకొని. మామూలు నడకకు ఇరవై నిమిషాలు పట్టింది.

బడి వంటమనిషి సాయమ్మ గేటు కాడ ఎదురైంది. మాస్టరు పెండ్లాం పోయినప్పటి సంది ఆయనకు బువ్వ పెట్టేది ఆమెనే. ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బింది.

"సాయమ్మా, శనివారం మొదటినుంచి చెప్పు. గంటలు సరిగ చెప్పు."

"పన్నెండుకు బడి ఇడిసిన్రు సారూ. పావుగంటకు యోహాను సారు ఇంటికొచ్చి బువ్వ తిన్నడు. తిని, నా మాటల గదికి పోతున్న, మద్దిలేటి వస్తడు అని చెప్పి పోయిండు. నేను బోళ్ళు తోముతున్న. చర్చి గంట ఒంటిగంట కొట్టింది. కొట్టిన కాసేపటికి గదిల ఏందో పడ్డట్లు ధన్ మన్నది. పుస్తకాలు పడ్డయేమో అనుకున్న."

"మద్దిలేటి ఎప్పుడొచ్చిండు?"

"బోళ్ళన్ని తోమి, నీళ్ళు గూడ తోడినంక. నా ముందరనే గేటు దాటి పోయిండు. పోంగనే ఒర్లిండు. నేను ఉరికి చూసి, ఠాణాకు పోదామని బయటికి ఉరికిన."

"అంటే ధన్ మన్నది ముందు, మద్దిలేటి వచ్చింది తర్వాత."

"అవ్ సారూ. అదే చెప్పిన అమీన్ సాబుకు. ఆయన రాసుకోలే."

"ఠాణాకు పోయి చెప్పినవా?"

"యాడ సారూ. ఒకటిన్నర గంట గూడ కొట్టలే, నేను గేటు దాటకముందే అమీన్ సాబే ఎదురొచ్చిండు. ఏమైందే అని అడిగిండు. దేవుడే పంపిండు అనుకున్న."

కురుమూర్తి ఆ మాట ఇంకొకసారి చెప్పించుకున్నడు. తర్వాత జేబుల నుంచి అమీను రాసిన కాగితం నకలు తీసి చూసిండు. ఒంటిగంట ఇరవై నిమిషాలకు ఠాణాలో ఖబరు అందినది అని ఉన్నది, ఉర్దూల, ముత్యాల్లాంటి రాతల. ఆయన కాగితం మడిచి లోపల పెట్టుకున్నడు. మొహంల ఏం మారలే.

సత్తెమ్మ గోడవార నిలబడి ఉన్నది. మద్దిలేటి పెండ్లాం. పొద్దుగాల వనపర్తికి మనిషిని తోలి కురుమూర్తిని పిలిపించింది ఆమెనే. ముద్దాయిని ఎదురుంగ పెట్టుకొని ఒక గంట గది చూడనీకి మున్సిఫ్ సాబు కాళ్ళు పట్టుకొని చిట్టీ తెచ్చింది గూడ ఆమెనే.

"అన్నా, మగ్గం మీద సగం చీర ఉన్నది," అన్నది. "మూడు దినాలాయె. ఆయన రాడంటే చెప్పు, పోగులు కోసేస్త, ఠాణాల ఆయనకు గూడ అదే చెప్పిన. ఆశ పెట్టుకొని దాన్ని చూసుకుంట కూసోలేను."

"కొయ్యకు సత్తెమ్మా. రేపు పొద్దుగాల ఆయన చేతనే మిగిలింది నేయించు." కురుమూర్తి ఇంకో చిట్టీ రాసి మడిచి ఆమె చేతిల పెట్టిండు. "మున్సిఫ్ సాబు ముసాఫిర్ బంగ్లాల ఇంకా ఉన్నడు గద? ఇది మూడుంబావుకు ఆయన చేతికి అందాలె. ఆయనను వెంట తోల్కొని నాలుగు కొట్టకముందే ఈ గది తలుపు కాడికి రావాలె. ఎవరాపినా ఆగొద్దు."

"ఏం రాసినవన్నా?"

"రెండు టైములు."

*

మాటల గది బడి వెనక ఉంటది. ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడవార కర్ర పెట్టె. శనివారం నుంచి సీలు వేసి ఉన్నది. మూడుంబావుకు అమీను వెంకట్రాములు సీలు పగలగొట్టి ముందుగ లోపలికి పోయిండు. వెనక బేడీలతోని మద్దిలేటి. అతన్ని తెచ్చిన జవాన్ను జట్కా తేనీకి తోలిండు అమీను. అందరికంటె వెనక అనంతయ్య.

ఈ అనంతయ్య బడిల ఇంకో ఇంగ్లీషు పంతులు. కోటు, కండ్లద్దాలు, చంకల ఇత్తడి మూలలున్న లావుపాటి పుస్తకం. అట్టల మీది ఇంగ్లీషు చదవనీకి, సాక్షిగ పంచు సంతకం చేయనీకి అమీనే పిలిపించిండు. ఎదుటోడు తప్పు మాట్లాడితే ఈయన దిద్దకుండ ఉండలేడు. పిల్లలకు చెప్పి చెప్పి అబ్బిన అలవాటు, నిద్రల లేపినా పోదు.

"కురుమూర్తీ, గంట టైమిచ్చిండు మున్సిఫు. అందుల అర్ధగంట నాది," అన్నడు అమీను. "చూసేది చూసి పో. నాకు నాలుగింటికి జట్కా ఉన్నది."

"తొందరేముంది సాబ్. బండి ఐదింటికి గద."

"ఐదింటికి గాదు, ఐదూ పదికి," అన్నడు అనంతయ్య.

కురుమూర్తి ఆయన దిక్కు మర్యాదగ తలూపిండు. "మీ చంకల పుస్తకం బాగుంది సారూ. గ్రామరా?"

"గ్రామరు గాదు, నిఘంటువు. గ్రామరు ఇంత లావుండదు."

"నాకేం తెలుసు సారూ. ఈ పెట్టె వాడుడు మీకు ఎరుకేనా?"

"నేనెన్నడు ముట్టలే. యోహాను ఎవ్వరిని ముట్టనియ్యడు. ఈ గదికే నేను రాను."

"రాసుకోండ్రి సాబ్," అన్నడు కురుమూర్తి అమీనుతోని. "పెట్టె ముట్టలే, గదికి రాలే." అమీను విసుక్కున్నడు గాని రాసిండు. అనంతయ్య సంతకం చేసిండు.

కురుమూర్తి ముందు గోడ చూసిండు. మేకు ఉన్నది, దానికి పట్టె లేదు. నేల చూసిండు. నెత్తురు మరక ఎండి నల్లబడ్డది. దాని పక్కన తొమ్మిది అట్టముక్కలు పడి ఉన్నయి. బల్ల మీద మిగిలిన కట్టలు, ఇత్తడి సువ్వ.

"పెనుగులాటల పడ్డయి," అన్నడు అమీను. "పదివేల కాడ వాటా తెగలే. నేతగాడు సువ్వతోని పొడిచిండు. అంతే కథ. దీనికి వనపర్తి నుంచి డిటెక్టివు రావాల్నా?"

"సువ్వతోని పొడిస్తే బెజ్జం పడాలె సాబ్. మాస్టరు తల మీద మూల గుద్దుకున్న గాయం ఉన్నది. బరువున్నది, చదునుగ ఉన్నది, మూల గట్టిగ ఉన్నది తగిలిందని దవాఖానల చెప్పిన్రు."

"బల్ల మూల తగిలి ఉంటది."

"ఉండొచ్చు," అని కురుమూర్తి వంగి తొమ్మిది అట్టలు ఏరిండు. కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టి, ఒక్కదాని మీద ఒక్కటి పేర్చిండు. తొమ్మిదింటికి మూడు తావులల్ల నోరు తెరుచుకొని వెలుతురు సూటిగ వచ్చింది. ఎడమ కొస నుంచి ఏలు పెట్టి లెక్కపెట్టిండు. పదకొండు. పదహారు. ఇరవైరెండు.

మద్దిలేటి చెప్పిన పదమూడు గాదు, ఇరవైయొకటి గాదు, ఇరవైనాలుగు గాదు.

పెనుగులాటల పడ్డ అట్టలైతే ఒకే తీరు మూడు తావులల్ల తెరిచి ఉండవు. ఎవరో కూసొని, సువ్వ దూర్చి, మూడుసార్లు లేపి, ఏరి పెట్టుకున్నయి ఇవి. మద్దిలేటి గాని మాస్టరు గాని అయితే ఆ బెజ్జాలు ముట్టరు. కురుమూర్తికి లోపల సంబురమైంది. బయటికి మాత్రం దీర్ఘం తీసి నిట్టూర్చిండు.

"నాకేం అంతుబడ్తలేదు సాబ్. మీకు ఇంగ్లీషొస్తది. ఒక్కసారి ఈ పెట్టె ఆడిచ్చి చూపియ్యిండ్రి. చూసి పోత."

అమీను మీసం దువ్వుకున్నడు. రెండేండ్లు నైట్‌స్కూల్ల చదివిన సంగతి ఆయన రోజుకు రెండుసార్లన్న చెప్తడు. "ఏ అక్షరం కావాలె?"

"పందెంల ఈ వారం ఏమున్నయి?"

బల్ల మీది పత్రిక చూసి అమీను చదివిండు. "కె, పి, వి. ఏడక్షరాల మాట."

"అయితే కె. అది ఎన్నోది?"

అమీను ఏళ్ళు ముడుచుకుంట లెక్కపెట్టిండు. "పదకొండు." ఒక కట్ట చేతిలకు తీసుకొని పదకొండో బెజ్జంల సువ్వ దూర్చి లేపిండు. పలపల నలభై యాభై అట్టలు రాలినయి.

"ఏమున్నయి సాబ్ అందుల?"

అమీను ఒకటి తీసిండు. "బటర్." ఇంకోటి. "కర్టెన్." ఇంకోటి తీసి కండ్లు చిట్లించిండు. "కె లేదే ఇందుల."

"సరిగ లెక్కపెట్టున్రి సాబ్. జర తప్పు పోయిందేమో."

రెండోసారి అమీను పైకే పెద్దగ లెక్కపెట్టిండు. మళ్ళ పదకొండే. మళ్ళ కె లేదు. కుర్చీల అనంతయ్య కదిలిండు, కండ్లద్దాలు తీసి తుడుచుకున్నడు. కురుమూర్తి ఆయన దిక్కు చూడనే లేదు.

"కుడిదిక్కు నుంచి చూడుండ్రి సాబ్. మన ఉర్దూ అటునుంచే గద."

అమీను కుడి నుంచి పదకొండు లెక్కపెట్టి సువ్వ దూర్చిండు. గవీ గంతే. చెమట పట్టింది ఆయనకు. మద్దిలేటి ముందర, ఈ వనపర్తోని ముందర పరువు పోతున్నది. "పెట్టే బోగస్. వీడు తప్పు బెజ్జాలు కొట్టి మాస్టరును మోసం చేసిండు."

"మోసమే అనిపిస్తున్నది సాబ్," అన్నడు కురుమూర్తి. "ఇంకొక్కసారి ఎడమ నుంచి, పన్నెండో దాంట్ల..."

"పన్నెండు గాదయ్యా," అన్నడు అనంతయ్య ఇంక పట్టలేక. "పన్నెండు గాదు, పదకొండు గాదు. ఆ వరుసల లెక్కపెడ్తే పొద్దుమీకినా దొరుకదు. దీని వరుసే వేరు."

 మద్దిలేటి తలెత్తి చూసిండు.

"ఎట్ల తెలుసు సారూ?" అన్నడు కురుమూర్తి మెల్లగ.

"అంటే... చూస్తేనే తెలుస్తున్నది గద."

"అమీన్ సాబు చూస్తనే ఉన్నడు. మూడుసార్లు తప్పినా ఆయనకు పెట్టె తప్పనిపించింది గాని వరుస తప్పనిపించలే. ఇంగ్లీషొచ్చినోడు ఎవరైనా మొదట ఏబీసీడీనే లెక్కపెడ్తడు. మీరు గూడ అట్లనే పెట్టిన్రు, శనివారం నాడు." తొమ్మిది అట్టలు బల్ల మీద పరిచిండు. "కె పదకొండు. సాబ్, పి ఎన్నోది?"

అమీను నోట్ల లెక్కపెట్టిండు. "పదహారు."

"వి?"

"ఇరవైరెండు."

"ఈ తొమ్మిదింటికి నోరు తెరిచింది పదకొండు, పదహారు, ఇరవైరెండు. చదువుండ్రి ఏమున్నయో."

"రగ్బీ," అన్నడు అమీను. "బంగలో."

"బంగ్లా నాకు గూడ తెలుసు. అందుల ఈ మూడిట్ల ఒక్కటన్న ఉన్నదా? లేదు. మాస్టరు బువ్వ తింటున్నప్పుడు మీరు ఈ గదికొచ్చి, సువ్వ పట్టి, ఈ తొమ్మిది తీసి భంగపడ్డరు సారూ. వరుస వేరని అప్పుడు తెలిసింది. ఇంతల మాస్టరు వచ్చిండు. వరుస చెప్పుమన్నరు, చెప్పలే. చంకల ఉన్నదాంతోనే కొట్టిన్రు. మద్దిలేటీ, ఇప్పుడు చెప్పు. మేకుకు వేలాడేది ఏంది?"

"పట్టె అన్నా. ఎర్రటిది. ఇరవైయారు గీతలు." మద్దిలేటి బేడీల చేతులెత్తి చూపిండు. "అగో, ఆయన బుక్కుల నుంచి తోక బయటికొచ్చింది."

నిఘంటువు కాయితాల నడుమ నుంచి ఎర్రటి నేత కొస ఏలెడు బయటికి వేలాడుతున్నది. చదువుకునేటోళ్ళు పేజీ గుర్తుకు పెట్టుకునే రిబ్బను అనుకొని ఇందాకటి సంది ఎవ్వరూ దాన్ని పట్టించుకోలే. కురుమూర్తి పుస్తకం తీసుకున్నడు. అనంతయ్య ఇడువలే, రెండుసార్లు గుంజాల్సి వచ్చింది. ఒక ఇత్తడి మూల వంగి ఉన్నది, సందుల నల్లగ ఎండింది నెత్తురే.

అనంతయ్య మోకాళ్ళ మీద పడ్డడు. కురుమూర్తి ముందర గాదు, అమీను ముందర. "సాబ్, మీరే గద నన్ను పంపింది. గేటు కాడ నేనుంట, మాట తెచ్చియ్యి, చెరిసగం అన్నరు గద. కొట్టాల్నని నేను అనుకోలే సాబ్. ఆయన పడ్డంకనే ఆ పట్టె కంటబడ్డది, మీకు చెప్పకుండ దాసుకున్న. చెప్పుండ్రి సాబ్."

అమీను వెంకట్రాములు పోయి తలుపు మూసి లోపలినుంచి గడియ పెట్టిండు. తిరిగి వచ్చేటప్పుడు చేతిల పిస్తోలున్నది.

"నువ్వు రావొద్దుండె కురుమూర్తీ," అన్నడు. "ఒక్క టిక్కెట్టు తీద్దామనుకున్న. ఇప్పుడు రెండు తీయాలె. ముద్దాయిని ఇడిపియ్యనీకి సర్కారు మనిషి మీద కలబడ్డడని రాస్త. పంచు సంతకం అనంతయ్యది. ఆ పట్టె ఇటియ్యి."

కురుమూర్తి పట్టె ఇయ్యలే. జేబు గడియారం తీసి చూసిండు. నాలుగుకు పదిహేను తక్కువ.

"రాయుండ్రి సాబ్. గంటలు మాత్రం ఈసారి సరిగ రాయుండ్రి. శనివారం ఒకటీ ఇరవైకి ఠాణాల ఖబరు అందిందని రాసిన్రు. సాయమ్మ ఠాణాకు రానే లేదు, ఒకటిన్నర కొట్టకముందే గేటు కాడనే మీరు ఎదురొచ్చిన్రు. ఖబరు మోసినోడు లేడు, మీకు మాత్రం ఖబరందింది. నడుమ మైలు దూరం, ఇరవై నిమిషాలు, నేను నడిచి చూసిన. ఈ రెండు టైములే చిట్టీల రాసి పంపిన."

"ఎవరికి?"

తలుపు టకటక కొట్టిన్రు.

"అన్నా," అన్నది సత్తెమ్మ బయటినుంచి. గొంతు రొప్పుతున్నది. "మున్సిఫ్ సాబును తోల్కొచ్చిన. తలుపు తియ్యిండ్రి."

"అమీన్, దర్వాజా ఖోలో," అన్నది ఇంకో గొంతు, పెద్దగ గాదు, పెద్దగ అనాల్సిన అవసరం లేని గొంతు.

పిస్తోలు పట్టిన చెయ్యి పైకి లేవలే, కిందికి దిగలే. అనంతయ్య నేల మీదనే ఉన్నడు. కురుమూర్తి కదలలే, కదిలితే ఆ ఏలు ఏం చేస్తదో ఆయనకు తెలుసు. ఆ గదిల తలుపు దిక్కు నడిచినోడు ఒక్కడే. బేడీల గొలుసు నేలకు తాకకుండ రెండు చేతులతోని ఎత్తి పట్టుకొని, అమీను ముందర నుంచే పోయి, మద్దిలేటి గడియ తీసిండు.

"సత్తెమ్మా," అన్నడు, "పోగులు కోసినవా?"

"కొయ్యలే," అన్నది ఆమె.